పొయ్యి వెలిగే ఇళ్లు

లాడ్జి వంటగది, కొండ మీద
సీజను ముగిసిన వారం

పొట్టీకి, అక్క రాస్తున్నది.

ఆఖరి టూరిస్టు నిన్న పొద్దున దిగిపోయాడు. జలపాతంలో ఒక చెప్పు పోగొట్టుకుని, మిగిలిన చెప్పు నా వరండాలో వదిలేసి, ఉత్త కాళ్లతో బస్సెక్కాడు. ఇక మళ్లీ ఎండలు ముదిరేదాకా ఈ ఊరికి మేమే టూరిస్టులం, మేమే దుకాణదారులం. ఎనిమిది గదుల దుప్పట్లూ ఉతికి ఆరేశాను. ఈ మబ్బులో అవి ఆరవని తెలుసు. ఆరేశానన్న తృప్తి, అంతే.

అసలు సంగతికి వస్తాను. జిల్లా ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి నా మూడో గదిలో దిగాడు. సన్నగా, దగ్గుతూ, మంచివాడిలాగే ఉన్నాడు. ఈ ఊరి ముఖచిత్రం కావాలన్నాడు. ముఖచిత్రమంటే ఫొటో అనుకుని గొడుగులాయనకి కబురు పెట్టాను. నీకు ఆయన గుర్తుండకపోవచ్చు. జలపాతం దగ్గర టూరిస్టులకి ఫొటోలు తీసేవాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆ పని పోయి, గొడుగులు అద్దెకిస్తూ, విరిగినవి బాగుచేస్తూ బతుకుతున్నాడు. ఒంటికాయ సొంటికొమ్ము. పాపం, చొక్కా ఇస్త్రీ చేసుకుని, పాత కెమెరా మెడలో వేసుకుని వచ్చాడు. తీరా చూస్తే ఆ అధికారికి కావలసింది ఫొటో కాదు. ఊళ్లో ఎందరున్నారు, ఏ వయసువాళ్లు, ఏం చేసుకుని తింటారు, ఇవన్నీ ఇంటింటికీ తిరిగి రాయాలట.

ఎందుకంటే కింద పట్నంలో మా ఊరిని కలిపేద్దామన్న ఆలోచన ఉందట. ఏడాది పొడవునా పొయ్యి వెలిగే ఇళ్లు మూడు వందలుంటే బడి, సాయంత్రం బస్సు మాకు మిగులుతాయి. ఒక్కటి తగ్గినా రెండూ కిందికి పోతాయి. బడి పోతే పిల్లలున్న వాళ్లు పోతారు. పిల్లలున్న వాళ్లు పోతే ఇది ఊరు కాదు, సీజన్లో తెరిచే దుకాణం.

తాళంచెవులన్నీ నా దగ్గరే దాచి వెళతారు కాబట్టి, అన్ని గుమ్మాలూ నాకే తెలుసని ఆ పని నా నెత్తిన పెట్టాడు. చలి ముగిసేలోగా ఇవ్వాలి. ఒప్పుకున్నాను. మొదటి రోజే చుక్కలు కనిపించాయి. 'ప్రధాన వృత్తి' అని ఒక గడి ఉంది. పడవలవాడు తల గోక్కున్నాడు. "సీజన్లో పడవ, వానల్లో వడ్రంగం, చలిలో నిద్ర. ఏది ప్రధానం?" అన్నాడు. లోపల్నించి వాళ్లావిడ "నిద్రే రాసుకో అక్కా" అంది. మంగలి దగ్గరికి వెళితే కరెంటు స్తంభం ఎక్కి ఉన్నాడు, ఊళ్లో కరెంటు పనీ ఆయనదే. అక్కణ్ణించే అన్నీ చెప్పాడు, పిల్లల వయసులతో సహా.

నువ్వు ఒక్కసారైనా రాకూడదూ? ప్రెస్సు నువ్వు లేకపోతే ఆగిపోతుందా?

మీ అక్క


నాలుగో అంతస్తు గది, నగరం
మొదటి వానలు

అక్కా,

నీ చేతిరాత చూస్తే కోడి సిరాలో కాళ్లు ముంచుకుని పరుగెత్తినట్టుంది. పాతికేళ్లుగా ప్రూఫులు దిద్దే నాకే రెండు చోట్ల అర్థం కాలేదు. ఆ రాతతో నువ్వు ఊరి లెక్క రాస్తే, మూడు వందల ఇళ్లని ఆఫీసువాళ్లు మూడు వందల ఇడుములు అని చదువుకుంటారు. పెద్ద అక్షరాలతో, విడివిడిగా రాయి.

ఇక్కడ ప్రెస్సులో ఊపిరాడని పని. మొన్న ఒక లావుపాటి వైద్య పుస్తకం వచ్చింది. దిద్దుతున్నకొద్దీ అందులోని జబ్బులన్నీ నాకే ఉన్నాయనిపించింది. కాబట్టి ఇప్పుడప్పుడే రాలేను.

గది బాగానే ఉంది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి సరిగ్గా మంచం మీదికి వస్తుంది. పక్కింటి పిల్ల వయోలిన్ నేర్చుకుంటోంది. ఇంకా గురువుగారిని వేధించే దశలోనే ఉంది. గోడ పల్చన కాబట్టి నేనూ నేర్చుకుంటున్నట్టే.

నువ్వు చెప్పిన గొడుగులాయన నాకు బాగానే గుర్తు. బావగారు చనిపోయిన ఏడాది నేను వచ్చినప్పుడు బస్టాండులో నా పెట్టె మోసుకొచ్చి, కూలి ఎంతని అడిగితే నవ్వి వెళ్లిపోయాడు. పొడుగ్గా ఉంటాడు. కదూ?

నీ ఊళ్లో వయసులో ఉన్నవాళ్లు అసలు ఉన్నారా? ఇంకా ఏమేం తెలిశాయో రాయి. భోజనం చేసేటప్పుడు చదువుకోవడానికి నాకు నీ ఉత్తరం తప్ప మంచి పుస్తకం లేదు.

పొట్టి


లాడ్జి వంటగది, కొండ మీద
వానలు

పొట్టీ,

ఇదిగో, విడివిడిగా రాస్తున్నాను. మెచ్చుకో.

సగం ఊరు తిరిగాను. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను కదా, ఊరు నాకు అరచేతిలో గీతల్లా తెలుసనుకున్నాను. తెలిసింది గుమ్మాలే, గదులు కావు. మెట్ల వీధిలో ఒక్కో మెట్టుకీ ఒక ముసలాయనో ముసలావిడో ఉన్నారు. బడిలో పంతొమ్మిది మంది పిల్లలు. ఆటల పోటీ పెడితే పరుగులో పాల్గొన్నవాళ్లే చప్పట్లు కూడా కొట్టుకోవాలని పంతులమ్మ నవ్వుతూ చెప్పింది. వయసులో ఉన్నవాళ్లు సీజన్లో రెట్టింపవుతారు, వానలకి కిందికి దిగిపోతారు. కొందరు దిగరు. రొట్టెల కొట్టులో పనిచేసే అమ్మాయి కిందకి వెళ్లి, రెండు నెలలుండి, అక్కడ ఎవరూ ఎవరినీ పలకరించరని మళ్లీ వచ్చేసిందట.

నన్ను ఆశ్చర్యపరిచిందేమంటే, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు చాలా తక్కువ. చూడటానికి వచ్చి ఉండిపోయినవాళ్లే ఎక్కువ. గుర్రాలాయన పెళ్లి కాకముందు ఒక్క రోజు చూసిపోదామని వచ్చాడట. బస్సు తప్పిపోయిందట. "ఇంకా తర్వాతి బస్సు కోసమే చూస్తున్నా" అన్నాడు, మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని.

ఇక దొంగవేషాలు చెబుతాను విను. మూడు వందలన్న మాట ఊరంతా పాకింది. నగరంవాళ్లు కట్టుకుని తాళాలేసుకున్న బంగళాల్లో సాయంత్రమయ్యేసరికి ఎవరో దీపాలు పెడుతున్నారు. తాళంచెవులు నా దగ్గరుంటే దీపాలెలా వెలిగాయని అడిగితే అందరూ మబ్బులవైపు చూశారు. ఒక మొగుడూ పెళ్లాం తాము విడిపోయామని ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు పెట్టి చూపించారు. రెండు పొయ్యిల మీదా ఒకే కూర ఉడుకుతోంది.

అందరికంటే ఘనులు రొట్టెల కొట్టు అన్నదమ్ములు. ఇద్దరూ బ్రహ్మచారులే, వయసు యాభై దాటింది. తామిద్దరివీ వేరు కుటుంబాలని ఒట్టేశారు. సరేనని భోజనాల వేళకి చెప్పకుండా వెళ్లాను. ఇద్దరూ ఒకే గిన్నెలో రొట్టె ముంచుకుంటూ దొరికారు. నిబంధనలో స్పష్టంగా ఉంది: ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లంతా ఒక కుటుంబం. ఒకటే ఇల్లు రాశాను. పెద్దాయనకి కోపమొచ్చింది. "ఊరికోసం ఒక్క గీత ఎక్కువ గీస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. అబద్ధపు లెక్క మీద నిలిచే బడిలో పిల్లలకి కూడికలు ఎలా నేర్పుతామన్నాను. మాటయితే బాగానే వచ్చింది గానీ, అప్పటినుంచి నాకు కాస్త మాడిన రొట్టె ఇస్తున్నాడు.

వానకి వంటింటి కప్పు కారుతుంటే గొడుగులాయన ఎక్కి రేకు మార్చాడు. ఆయన ఇంటి కప్పే కారుతోందట, ముందు మాది చూశాడు. మాడిన రొట్టె మీద గుడ్డు వేసుకుంటే మాడు తెలియదని కూడా ఆయనే చెప్పాడు. నిజంగానే తెలియలేదు, తిన్నాం.

మీ అక్క


నాలుగో అంతస్తు గది, నగరం
వానలు తగ్గుముఖం

అక్కా,

నీ ఉత్తరం ప్రూఫు చదివినట్టు రెండుసార్లు చదివాను. నా వృత్తి అలాంటిది. కథ ఎంత బాగున్నా, కన్ను మాత్రం ఉండకూడని చోట ఉన్న అక్షరం మీదే పడుతుంది. 'తిన్నాం' అని రాశావు. ఆ 'ఆం' ఎవరు? ఆ అధికారి వెళ్లిపోయాడు. గదులు ఖాళీ. నువ్వొక్కదానివే ఉంటే 'తిన్నాను' కదా అవ్వాలి?

పైగా తన కప్పు కారుతుంటే వదిలేసి నీ కప్పు ఎక్కిన మనిషి గురించి నువ్వు రాసింది మూడే వాక్యాలు. నాకు తెలిసిన అక్క, బస్సులో పక్క సీటులో కూర్చున్నావిడ గురించి కూడా రెండు పేజీలు రాస్తుంది. నీ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది ఒక మనిషి గురించి మూడు వాక్యాల్లో తేల్చేశావంటే, నోరు కట్టుకుని రాశావన్నమాట.

బావగారు పోయి పన్నెండేళ్లయింది. ఆయన్ని నువ్వు ఎంత బాగా చూసుకున్నావో నాకు తెలుసు. ఇప్పుడు నిన్ను ఎవరైనా చూసుకుంటే సంతోషించేవాళ్లలో ఆయనే ముందుంటారు. ఇది నా అభిప్రాయం. అడక్కపోయినా చెప్పాను, చెల్లెలికి ఆ హక్కు ఉంది.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. ఏం జరుగుతోందక్కడ?

నా సంగతి ఏముంది, ఎప్పటిలాగే. పక్కింటి పిల్ల ఇప్పుడు ఒక పాట మొత్తం వాయించగలుగుతోంది. పాటేదో పోల్చుకోలేకపోయాను. అది దాని తప్పు కాదు, నా చెవి తప్పు అని వాళ్లమ్మతో అన్నాను.

పొట్టి


లాడ్జి, కొండ మీద

పొట్టీ,

ఏమీ జరగడం లేదు. ఆయనకి వంటింట్లో వాన కారుతోంది కాబట్టి రెండు పూటలా ఇక్కడ తింటున్నాడు. అందుకు బదులుగా కిటికీలు, తలుపులు బాగుచేస్తున్నాడు. ఇరుగుపొరుగు అన్నాక ఆమాత్రం ఉండదా? నువ్వు అచ్చుతప్పులు వెతికే కళ్లతో మనుషుల్ని చూడకు.

అయినా నన్నడిగేముందు నువ్వొకటి చెప్పు. మధ్యాహ్నం ఎండ నీ మంచం మీదికి వస్తుందని నీకెలా తెలుసు? ఆ వేళకి నువ్వు ప్రెస్సులో ఉండాలి కదా?

అక్క


నాలుగో అంతస్తు గది, నగరం
చలి మొదలు

అక్కా,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాం ఇద్దరమూ. సరే, ముందు నేనే చెబుతాను.

ప్రెస్సులో ప్రూఫుల గది మూసేశారు. నువ్వు లెక్క మొదలుపెట్టకముందే. కొత్త యజమాని వచ్చి, తప్పులు దిద్దడానికి ఇప్పుడు యంత్రం ఉందన్నాడు. చివరి రోజున పాత ఫోర్‌మన్ మా అందరికీ టీ పోశాడు. నేను నా కుర్చీ మీది దిండు తెచ్చుకున్నాను. అంతే, పాతికేళ్లు అయిపోయాయి. ఆ వైద్య పుస్తకం నిజమే గానీ, రెండేళ్ల కిందటిది.

నీకు ఎందుకు చెప్పలేదంటావా? చెబితే వెంటనే వచ్చెయ్యమంటావు. చేతిలో పనిలేని చెల్లెలుగా నీ గుమ్మం ఎక్కడం నాకిష్టం లేదు. చిన్నప్పటినుంచీ నీ వెనకాల తోకలా తిరిగేదాన్నని అందరూ నవ్వేవాళ్లు. యాభై నాలుగేళ్లొచ్చాక మళ్లీ తోక కావడం ఏమిటనుకున్నాను.

జాలిపడకు. పెన్షను వస్తోంది, తినడానికి లోటులేదు. పొద్దున్నే లేచి తయారవుతాను. సంచీ భుజాన వేసుకుని పార్కు దాకా నడుస్తాను. దారిలో దుకాణాల బోర్డులన్నీ మనసులో దిద్దుతాను. తిరిగొచ్చి ఎండలో పడుకుని నీ ఉత్తరాలు చదువుతాను. బాధ లేదు. కానీ మొన్న ఒక సంగతి గమనించాను. పాలవాడు పాలు పోసి "చిల్లర లేదమ్మా" అన్నాడు, నేను "పర్లేదులే" అన్నాను. ఆ రోజంతటికీ నేను పైకి అన్నది ఆ ఒక్క మాటే. పక్కింటి పిల్ల వయోలిన్ ఆపినప్పుడు గానీ అది నాకు తెలియలేదు.

నేను చెప్పేశాను. ఇక నీ వంతు. మూడు వాక్యాల్లో కాదు.

పొట్టి


లాడ్జి వంటగది, కొండ మీద
చలి ముదిరింది

నా పొట్టీ,

నీ ఉత్తరం చదివి ముందు తిట్టుకున్నాను, తర్వాత ఏడ్చాను, తర్వాత నీ కుర్చీ దిండు సంగతి తలుచుకుని నవ్వాను. ఫోర్‌మన్‌కి చెప్పే తెచ్చావా, లేక సంచీలో కుక్కేశావా?

ఇక నా వంతు. కూర్చుని చదువు.

లెక్క పూర్తయింది. సరిగ్గా మూడు వందలు వచ్చాయి. పంతులమ్మ సంతోషం పట్టలేక మొన్న ఆదివారం ఊరందరినీ బడికి పిలిచింది. పెద్దవాళ్లంతా పిల్లల బెంచీల మీద మోకాళ్లు గడ్డాలకి తగిలేలా కూర్చున్నారు. నేను లెక్క చదివి వినిపించాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు రొట్టెల కొట్టు పెద్దాయన లేచాడు.

"అక్కా, మా అన్నదమ్ములది ఒకే పొయ్యి కాబట్టి ఒకటే ఇల్లు రాశావు. న్యాయమే. మరి మన గొడుగులాయన పొయ్యి వెలిగి ఎన్నాళ్లయిందో కూడా చెప్పు."

బడి మొత్తం నావైపు తిరిగింది. పొట్టీ, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందే, అలా ఉన్నాను ఇన్నాళ్లూ. గొడుగులాయన ఇంటికి వానాకాలం మొదట్లో వెళ్లి, పొయ్యి చూసి, ఒక ఇల్లని రాశాను. ఆ తర్వాత ఆ పొయ్యి వెలగలేదు. ఆ మనిషి తింటున్నది నా పొయ్యి మీది వంట. ఊరందరికీ ఒక రూలు, నాకో రూలా? ఆ ప్రశ్న నాకు ముందే తట్టలేదని చెబితే అబద్ధం. తట్టినప్పుడల్లా కూరలో ఉప్పు చూసుకునేదాన్ని.

నేను నోరు తెరిచేలోగా ఆయనే లేచాడు. "నా పొయ్యిలో పిల్లి పిల్లల్ని పెట్టింది. దాన్ని లేపడం ఇష్టంలేక లాడ్జిగారింట్లో తింటున్నాను" అన్నాడు.

పంతులమ్మ నెమ్మదిగా అంది: "ఆ పిల్లలు పెద్దవై మా ఇంట్లో ఎలకల్ని కూడా పడుతున్నాయి కదండీ."

నవ్వులు కప్పుకి తగిలాయి. గుర్రాలాయన బెంచీ మీంచి జారి కిందపడ్డాడు. నేనూ నవ్వాను. నవ్వితే భయం పోయింది. ఆయన పొయ్యి వానలప్పటినుంచీ వెలగలేదు, ఆయన రెండు పూటలా నా ఇంట్లోనే తింటున్నాడు, కాబట్టి ఆ ఇల్లు కొట్టేస్తున్నాను అని అందరి ముందూ చెప్పి కొట్టేశాను. "మరి ఆయన్ని ఎక్కడ రాస్తావు, మనిషి ఉన్నాడు కదా?" అన్నాడు పడవలవాడు. నా ఇంటి కాగితంలో రాయాలి. అక్కడ ఒక గడి ఉంది, కుటుంబ పెద్దకి ఏమవుతారు అని. నా ఇంటికి పెద్దని నేనే.

కలం పట్టుకుని ఆయన వైపు చూశాను. "ఇక్కడ ఏం రాయమంటారు?" అన్నాను.

ఆయన గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "మీ ఇష్టం లాడ్జిగారూ. చుట్టం అని రాసినా నాకు సంతోషమే" అన్నాడు.

"భర్త అని రాస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే."

ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట. చెప్పాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆయన "లేదు" అన్నాడు. వినబడలేదు. గట్టిగా చెప్పమని వెనక బెంచీలవాళ్లు అరిచారు. "అభ్యంతరం లేదు" అని కిటికీలు అదిరేలా చెప్పాడు. ఆ మనిషి గొంతులో అంత బలముందని ఎవరికీ తెలియదు. కానీ ఆ గడిలో అప్పుడే రాయలేదు. పెళ్లయ్యాకే రాస్తాను. జిల్లా ఆఫీసు పక్కనే రిజిస్ట్రారు ఆఫీసు ఉంది, కాగితాలు ఇచ్చిన రోజే పెళ్లి కూడా అయిపోతుందని పంతులమ్మ ఉపాయం చెప్పింది.

సంబరమంతా అయ్యాక ఎవరో అన్నారు, ఇప్పుడు ఒక ఇల్లు తక్కువ అని. ఎవరూ నన్ను నిందించలేదు, పొట్టీ. ఆ పెద్దాయనే వచ్చి నా చేతులు పట్టుకుని, "నోరు జారాను అక్కా, ఊరి మూడు వందలూ నేనే పోగొట్టాను" అని ఏడ్చినంత పనిచేశాడు. పడవలవాడు మాత్రం దిగులుపడలేదు. "ఈ ఊరు చూడటానికి ఇంతమంది వస్తారు, ఉండటానికి ఒక్కరు దొరకరా" అన్నాడు.

నిన్ను రమ్మనడం లేదు. లెక్క నింపడానికి మనిషిని పిలవడం నాకు నచ్చదు. నువ్వు వస్తే నువ్వు కావాలనుకుని రావాలి. ఉన్న విషయం మాత్రం చెబుతాను. గొడుగుల కొట్టు మీది రెండు గదులు ఖాళీ. కప్పు బాగుచేశారు. పిల్లులు వెళ్లిపోయాయి. అది నా ఇల్లు కాదు, నా ఇంటికి ఎదురుగా ఉన్న ఇల్లు. ఎవరి తలుపు వాళ్లది, ఎవరి తాళంచెవి వాళ్లది.

మీ అక్క


నాలుగో అంతస్తు గది, నగరం

అక్కా,

లెక్క కోసం రాను. బడి కోసమూ కాదు, బస్సు కోసమూ కాదు. నిన్న మూడు గంటలు ఒంటరిగా నవ్వాను. నవ్వింది ఎవరికైనా చెబుదామని చూస్తే గోడ ఉంది. అందుకే వస్తున్నాను.

గది ఖాళీ చేస్తానని యజమానికి చెప్పేశాను. పక్కింటి పిల్ల నాకోసం తన పాట మొత్తం వాయించింది. ఈసారి పోల్చుకున్నాను. బుధవారం బస్సుకి దిగుతాను. రెండు పెట్టెలు, నిఘంటువు, దిండు. దిండు సంచీలో కుక్కే తెచ్చాను.

నాకు వంట రాదని నీకు తెలుసు. అయినా నా పొయ్యి నేనే వెలిగించుకుంటాను. ముందే చెబుతున్నాను, నీ ఇంట్లో తినను. ఆదివారాలు తప్ప.

బావగారికి (కొత్తగా రాస్తున్నాను, చేతికి బాగానే ఉంది) నా నమస్కారాలు. ఈసారి పెట్టె నేనే మోసుకుంటానని చెప్పు.

పొట్టి


గొడుగుల కొట్టు మీది గది, కొండ మీద
మీరు కిందికి వెళ్లిన మూడో రోజు

అక్కకీ బావగారికీ,

రిజిస్ట్రారు ఆఫీసు పక్క హోటలు చిరునామా పంతులమ్మ ఇచ్చింది. సాయంత్రం బస్సు డ్రైవరు ఈ ఉత్తరం స్వయంగా ఇస్తానన్నాడు. మీ పెళ్లయిపోయిందని ఫోనులో మంగలికి చెప్పారట. ఆయన స్తంభం మీంచే ఊరందరికీ అరిచి చెప్పాడు. రొట్టెల కొట్టులో ఆ పూట రొట్టెలు ఎవరికీ ఊరికే ఇవ్వలేదు గానీ, అడిగిన దానికంటే ఒకటి ఎక్కువ ఇచ్చారు. నాకు ఇచ్చింది మాడలేదు.

ఇప్పుడు అసలు కబురు. మీరు కాగితాలు ఇచ్చారో లేదో, ఆ దగ్గే అధికారి నిన్న మధ్యాహ్నం బస్సులో దిగాడు. నేను వచ్చిన తేదీ నువ్వు కాగితంలో రాశావు కదా, నెల కిందట లేని ఇల్లు ఇప్పుడెలా వచ్చిందో కళ్లారా చూడాలట. ఆయన మెట్లెక్కే వేళకి నా గదిలో అరడజను మంది ఉన్నారు. నాకు వంట రాదన్న సంగతి ఈ ఊరికి ఎవరు చెప్పారో గానీ (నువ్వే), తలా ఒక గిన్నె పట్టుకుని వచ్చారు. పడవలవాడి పెళ్లాం కిటికీలోంచి చూసి, ఆఫీసరు వస్తున్నాడంది. ఒక్క క్షణంలో గిన్నెలన్నీ గొడుగుల వెనక మాయం. గుర్రాలాయన సూపు గిన్నె ఒళ్లో పెట్టుకుని దానిమీద గొడుగు తెరిచి కూర్చున్నాడు, గది లోపల.

నేను ఆ గిన్నెలన్నీ బయటికి తీయించాను. నువ్వు అంత కష్టపడి చెరిపింది నేను దొంగతనంగా రాయించుకుంటానా? అధికారితో చెప్పాను, ఇవి ఇరుగుపొరుగు తెచ్చినవి, ఇదిగో ఇది నా పొయ్యి, దీని మీద ఉన్నది నా వంట అని. బంగాళాదుంపల కూర. ఒక పక్క మాడింది, ఒక పక్క ఉడకలేదు. ఒకే గిన్నెలో ఈ రెండూ ఎలా సాధ్యమో నాకూ తెలియదు. ఆయన తింటానన్నాడు. ఒక ముద్ద తిన్నాడు. నీళ్లు తాగాడు. "ఇది ఎక్కడినుంచో తెప్పించింది మాత్రం కాదు" అన్నాడు.

ఆ తర్వాత అడగాల్సింది అడిగాడు. "మీరు ఉండటానికి వచ్చారా, చూసిపోవడానికా?"

"ఇక్కడ చాలామంది చూసిపోదామనే వచ్చారటండీ" అన్నాను. "నేను మాత్రం ఉండటానికే వచ్చాను. మా అక్క ఎదురింట్లో ఉంటుంది. నగరంలో నాకు పని పోయింది, గది ఖాళీ చేశాను. ఇంతకంటే రుజువు నా దగ్గర లేదు."

రెండు పెట్టెల వైపు, నిఘంటువు వైపు చూశాడు. అప్పుడు పడవలవాడి పెళ్లాం కల్పించుకుంది. "చూడటానికి వచ్చినవాళ్లు గొడుగు అద్దెకి తీసుకుంటారు బాబూ. ఈవిడ కొనుక్కుంది" అంది. నిజమే, బావగారూ, ఆ నల్లది కొన్నాను, మీరు లేనప్పుడు పంతులమ్మ బేరమాడి ఇప్పించింది.

వృత్తి ఏం రాయమంటారని అడిగాడు. నేను చెప్పేలోగా పడవలవాడు సిగ్గుపడుతూ చెప్పాడు. నేను వచ్చిన మర్నాడు చెరువు దగ్గరికి షికారు వెళ్లాను కదా. అక్కడ వాడి బోర్డు చూసి ఆగిపోయాను. 'పడవలు' అని ఉండాల్సిన చోట 'పడకలు' అని ఉంది. 'పడకలు గంటల లెక్కన అద్దెకు.' ఏళ్ల తరబడి అలాగే ఉందట. కుటుంబాలతో వచ్చినవాళ్లు ఆ బోర్డు చదివి పిల్లల చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగిపోతుంటే, వీడేమో చలికి భయపడుతున్నారనుకున్నాడట. నేను రంగు తెప్పించి దిద్దాను. ఆ సాయంత్రానికి ఊళ్లో సగం బోర్డులు దించుకుని నా మెట్ల కింద పెట్టారు. అధికారి కిందికి వెళ్లి వాటిని ఒక్కొక్కటే చదివాడు. మొదటిసారి ఆ మనిషి నవ్వడం విన్నాను, దగ్గు కూడా ఆగిపోయింది. 'బోర్డులు దిద్దుట' అని రాసుకున్నాడు. కింద తమ ఆఫీసు బోర్డు కూడా ఒకసారి చూడమన్నాడు.

మూడు వందలు ఖాయం చేసి సంతకం పెట్టాడు. బడి ఉంటుంది. బస్సు ఉంటుంది. పంతులమ్మ పిల్లల్ని తీసుకుని వీధంతా ఊరేగించింది. రొట్టెల పెద్దాయన నా గుమ్మం ముందుకొచ్చి, మీ అక్క ఎప్పుడొస్తుందమ్మా అని అడిగాడు.

రేపు సాయంత్రం బస్సుకి వస్తున్నారని చెప్పాను. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. కొండ మలుపు తిరగగానే రోడ్డు పక్కన గొడుగులు కనిపిస్తాయి. అక్కడే ఉంటాం, మేమందరం.

పొట్టి